విశాఖలో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ దత్తతకు దొరుకుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటు. మీరిద్దరూ ఉద్యోగస్థులు, పగలు ఇంట్లో ఉండేది మీ అత్తగారు, సాయంత్రం బడి నుంచి వచ్చే ఆరేళ్ళ పాప. ఇంటికి ఒక పిల్లి కావాలి. గుండ్రటి మొహం, మఖమలు లాంటి దట్టమైన బూడిద రంగు బొచ్చు, గోల చేయని స్వభావం ఉన్న బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అయితే బాగుంటుందని మీ ఆలోచన. డబ్బు పోసి కొనడం మీకు ఇష్టం లేదు, దిక్కులేని పిల్లులను చేరదీసే రెస్క్యూ వాళ్ళ దగ్గర నుంచే తెచ్చుకోవాలని ఉంది. విశాఖపట్నంలో అది అయ్యే పనేనా, ఏమేమి చూసుకోవాలి, ఒకటి తెచ్చుకోవాలా రెండా అని అడిగారు.

అయ్యే పనే. కాకపోతే అసలు సిసలు బ్రిటిష్ షార్ట్‌హెయిర్ మన ఊరి రెస్క్యూలలో కనిపించడం అరుదు, ఆ పేరుతో కనిపించేవాటిలో ఎక్కువ భాగం వేరే పిల్లులు. మీకు నిజంగా కావలసింది నెమ్మది స్వభావమే అయితే జాతి పేరు పక్కన పెట్టి, మూడేళ్ళు దాటిన పిల్లిని, ఎవరో ఒకరి ఇంట్లో కొన్ని వారాలుగా ఉంటున్నదాన్ని, రెండుసార్లు వెళ్ళి చూసి ఎంచుకోండి. కూనను తెచ్చుకుంటే అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పగలిగినవారు ఎవరూ లేరు. మూడేళ్ళ పిల్లి ఎలా ఉండబోతుందో మీ కళ్ళ ముందే ఉంటుంది.

నేను సీతమ్మధారలో ఉంటాను. రోడ్ల మీద నుంచి, ఖాళీ చేసిన ఇళ్ళ నుంచి వచ్చే పిల్లులకు శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా చాలా ఏళ్ళుగా మా ఇంట్లో చోటు ఇస్తున్నాను. పశువైద్యురాలిని కాను. ఇక్కడ వైద్యం గురించి చెప్పేవన్నీ డాక్టర్ల గదుల్లో పిల్లిని పట్టుకుని నిలబడి నేర్చుకున్నవి. మందుల మోతాదులు మాత్రం నన్ను అడగవద్దు.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌ను రంగుతో గుర్తుపట్టలేరు. బూడిద రంగు నలుపు పలచబడితే వచ్చేది, ఆ జన్యువు ఏ పిల్లిలోనైనా ఉండవచ్చు. పూర్ణా మార్కెట్ సందుల్లో తిరిగే మన నాటు పిల్లుల్లోనూ అచ్చమైన బూడిద రంగువి కనిపిస్తాయి. అసలు జాతిని పట్టించేది శరీరం: పొట్టి కాళ్ళు, వెడల్పైన ఛాతీ, నిండు బుగ్గలు, లావైన మెడ. బొచ్చు ఒంటికి అంటుకుని ఉండదు, నిటారుగా లేచి నిలుస్తుంది. పిల్లి మెడ తిప్పినప్పుడు అక్కడ బొచ్చు పాయలుగా విడిపోవడం కనిపిస్తుంది. బూడిద రంగువాటికి కళ్ళు రాగి రంగులో ఉంటాయి. మగవి ఐదు నుంచి ఎనిమిది కిలోల దాకా తూగుతాయి, పూర్తి ఆకారానికి రావడానికి మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. సన్నగా, పొడవు కాళ్ళతో, ఆకుపచ్చ కళ్ళతో ఉన్న బూడిద పిల్లిని బ్రిటిష్ అని చూపిస్తే నవ్వి ఊరుకోండి.

ఇంకో తమాషా ఉంది. మన వైపు అందరికీ తెలిసిన జాతి పర్షియన్. దువ్వక, పట్టించుకోక ఉండలు కట్టిన బొచ్చుతో పర్షియన్లు రెస్క్యూకు వస్తే ఒళ్ళంతా గొరిగించడం తప్ప వేరే దారి ఉండదు. కొన్ని నెలలకు ఆ బొచ్చు అంగుళం దాకా పెరిగి సరిగ్గా మీరు కోరుకున్న రూపంలోకి వస్తుంది. ఆ దశలో తీసిన ఫోటో చూసి “బ్రిటిష్” అని మురిసిపోయి తీసుకువెళ్ళిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఆరు నెలలకు వాళ్ళింట్లో జడలు వేయగలిగినంత బొచ్చుతో పర్షియన్ తిరుగుతోంది. దానితో వాళ్ళు సంతోషంగానే ఉన్నారు, రోజూ దువ్వుతున్నారు కూడా. మీరు మాత్రం “దీన్ని ఎప్పుడైనా గొరిగించారా” అని తప్పకుండా అడగండి.

చెవులు ముందుకు మడిచి ఉన్న స్కాటిష్ ఫోల్డ్ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. చెవిని మడిచే జన్యువే ఒంట్లోని మృదులాస్థి అంతటినీ దెబ్బతీస్తుంది. తోక గట్టిపడుతుంది, కాళ్ళ కీళ్ళు నొప్పి పెడతాయి. బ్రిటన్‌లో ప్రధాన పిల్లుల సంఘం ఈ కారణాల వల్లే 1970ల తొలినాళ్ళలోనే వాటి నమోదు ఆపేసింది. “ఎంత బుద్ధిగా ఒకేచోట కూర్చుంటుందో” అని జనం ముచ్చటపడేది చాలాసార్లు ఆ నొప్పినే. రెస్క్యూలో ఉన్న ఫోల్డ్‌ను తెచ్చుకోవడం తప్పు కాదు, పుణ్యమే. కానీ జీవితాంతం కీళ్ళ వైద్యానికి సిద్ధపడి తెచ్చుకోవాలి.

నెమ్మది, భయం, జబ్బు: ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. నా సమాధానంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. దత్తతకు వచ్చేవాళ్ళు పంజరం మూలలో కదలకుండా కూర్చున్న పిల్లిని చూసి “ఇదే కావాలి, ఎంత శాంతంగా ఉందో” అంటారు. పక్కన కాలుగాలినట్టు తిరుగుతున్న పిల్లిని చూసి “అమ్మో” అంటారు. నెల తర్వాత చూస్తే ఆ రెండూ తారుమారై ఉంటాయి.

భయంతో బిగుసుకున్న పిల్లికి కంటిపాపలు వెలుతురులో కూడా పెద్దవిగా ఉంటాయి. చెవులు పక్కలకు వాలి ఉంటాయి. నాలుగు పాదాలూ ఒంటి కిందకు లాక్కుని, తల భుజాల మధ్యకు దించుకుని ఉంటుంది. మనుషులు ఉన్నంతసేపూ తిండి ముట్టదు. ఒక్కోసారి దాక్కోవడానికి చోటు లేక, మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టెలోనే (లిట్టర్ పెట్టె) కూర్చుంటుంది. నెమ్మది స్వభావం ఉన్న పిల్లి మీ ముందే ఒళ్ళు నాక్కుంటుంది, పక్కకు ఒరిగి పడుకుంటుంది, మీ వైపు చూసి కళ్ళు నిదానంగా మూసి తెరుస్తుంది. దూరంలో ఒక చెంచా కింద పడేసి చూడండి. ఏ పిల్లి అయినా ఉలిక్కిపడుతుంది. నెమ్మదైనది కొన్ని క్షణాల్లో మళ్ళీ మామూలవుతుంది, భయస్థురాలు మంచం కింద నుంచి గంట దాకా రాదు.

జబ్బు మాట వేరు. బొచ్చు చింపిరిగా, శుభ్రం చేసుకోకుండా ఉందా, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర పైకి వచ్చిందా, చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయా చూడండి. దారం ముక్క ఆడిస్తే ఎంత సోమరి పిల్లి అయినా లేవకపోయినా కళ్ళతో దాని వెంట వెళ్తుంది. కళ్ళు కూడా కదలకపోతే అనుమానించాలి. మా ఇంటికి ఒకసారి ఒక బూడిద రంగు గండుపిల్లి వచ్చింది. ఎవరు ఒళ్ళోకి తీసుకున్నా అలాగే పడి ఉండేది. “ఇంత సాధువును ఎక్కడా చూడలేదు” అని ఒక కుటుంబం తీసుకువెళ్ళడానికి సిద్ధపడింది. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయని నేను రక్తపరీక్ష అయ్యేదాకా ఆపాను. రక్తకణాలను దెబ్బతీసే సూక్ష్మజీవి వల్ల రక్తహీనత. కొన్ని వారాల మందుల తర్వాత ఆ సాధువు కర్టెన్ మీదుగా బీరువా ఎక్కి, అక్కడ నుంచి మా వంటింటి అటక మీదకు దూకింది. ఆ కుటుంబానికి వేరే పిల్లి సరిపడింది, దీనికి ఇద్దరు కుర్రాళ్ళున్న ఇల్లు సరిపడింది.

అందుకే రెండుసార్లు వెళ్ళమన్నాను. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక. పిల్లులు చురుగ్గా ఉండేది తెల్లవారే ముందు, సంధ్యవేళ. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ప్రతి పిల్లీ బుద్ధుడే. వెళ్ళాక నేల మీద కూర్చోండి, ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకండి, అది ఏం చేస్తుందో చూడండి. పాపను రెండోసారి తీసుకువెళ్ళండి.

పాప మాట వచ్చింది కాబట్టి: బ్రిటిష్ షార్ట్‌హెయిర్లకు, వాటి సంకరాలకు మనుషుల పక్కన ఉండటం ఇష్టం, ఎత్తుకోవడం సాధారణంగా ఇష్టం ఉండదు. మీరు కూర్చున్న గదిలోకి వచ్చి రెండడుగుల దూరంలో కూర్చుంటాయి. బొమ్మలా హత్తుకుని తిరగాలని పాప కలలు కంటుంటే ముందే చెప్పి ఒప్పించండి. ఆరేళ్ళ పిల్లలకు చెబితే పెద్దలకంటే బాగా అర్థమవుతుంది, ఇది నా అనుభవం.

ఇక ఎక్కడ వెతకాలి. జంతు సంక్షేమంలో 1996 నుంచి ఈ ఊళ్ళో పనిచేస్తున్న వి.ఎస్.పి.సి.ఎ. అనే సంస్థ ఉంది, అక్కడ అడిగి పెట్టండి. అయితే జాతి పిల్లులు ఎక్కువగా చేతులు మారేది నాలాంటి వాళ్ళ ఇళ్ళ ద్వారా, వాట్సాప్ గుంపుల ద్వారా, పశువైద్యుల క్లినిక్కుల ద్వారా. రెండు మూడు క్లినిక్కులకు స్వయంగా వెళ్ళి “నెమ్మదైన పెద్ద పిల్లి, ఆపరేషన్ అయినది, ఎవరైనా ఇస్తుంటే చెప్పండి” అని మీ నంబరు ఇచ్చి రండి. జాతి పేరు చెప్పకండి. చెబితే అమ్మేవాళ్ళు ఫోను చేస్తారు, చెప్పకపోతే ఇచ్చేవాళ్ళు చేస్తారు. విశాఖ బదిలీల ఊరు. నౌకాదళం, స్టీల్ ప్లాంటు, పోర్టు, బ్యాంకులు. పిల్లల పరీక్షలయ్యాక, వేసవిలో సామాన్లు సర్దుకునే కాలంలోనే బాగా పెంచిన పిల్లులు ఇల్లు కోసం చూస్తుంటాయి. ఇలా చెప్పి ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళు, మెట్ల కింద వదిలి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. తిండీ నీళ్ళూ లేక అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

నిఖార్సైన జాతి పిల్లి రెస్క్యూకు వచ్చే ఇంకో దారి, వినడానికి బాగుండదు. కూనల కోసం ఈతల మీద ఈతలు వేయించి, ఇక పనికిరాదనుకున్న ఆడ పిల్లిని వదిలించుకుంటారు. నాలుగైదేళ్ళ వయసు, వేలాడే పొట్ట, పాడైన పళ్ళు, కానీ స్వభావం మాత్రం వెన్న. మీ ఇంటికి ఇలాంటిదే అన్నిటికంటే నప్పుతుందని నా అభిప్రాయం. గర్భసంచి తీసే ఆపరేషన్ అయిందో లేదో, పళ్ళకు ఏమేమి చేయాలో కనుక్కోండి.

పిల్లిని కళ్ళారా చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. “బ్రిటిష్ షార్ట్‌హెయిర్ ఉచిత దత్తత, విమానంలో పంపే ఖర్చు మాత్రం మీరు పెట్టుకోండి” అనే ప్రకటనలు నెట్‌లో కుప్పలు. ముందు రవాణాకు అడుగుతారు, తర్వాత పంజరానికి, తర్వాత బీమాకు. ఆ ఫోటోలోని పిల్లి ఏ దేశంలో ఉందో దేవుడికే తెలుసు. అలాగే దత్తత అనే మాట వాడుతూ పదుల వేలు అడిగితే అది అమ్మకమే. నిజమైన రెస్క్యూ అడిగేది టీకాలకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చులో కొంత, దానికి రసీదులూ చూపిస్తారు. పెంపుడు జంతువుల దుకాణం నడపాలంటే 2018 నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఇంట్లో నుంచి అమ్ముతూ “రెస్క్యూ” అనే బోర్డు తగిలించుకునేది చాలావరకు ఆ బాధ తప్పించుకోవడానికే.

అసలైన రెస్క్యూ వాళ్ళు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు, ఇల్లు చూస్తామంటారు, కాగితం మీద సంతకం పెట్టిస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదని ఒకాయన నా మీద విసుక్కున్నారు. మీరు విసుక్కోకండి.

తెచ్చుకునే ముందు ఆరోగ్యం. టీకా కార్డులో మూడు వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా, రేబిస్ టీకా తేదీలతో, డాక్టరు ముద్రతో ఉండాలి. ఎఫ్.ఐ.వి., ఫెలైన్ ల్యుకేమియా అనేవి ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటుకునే వైరస్ జబ్బులు. వాటి పరీక్షలు కొన్ని చుక్కల రక్తంతో అక్కడికక్కడే తేలిపోతాయి. అవి చేయించని పిల్లిని, వేరే పిల్లి ఉన్న ఇంటికి మాత్రం అసలు తీసుకువెళ్ళకూడదు. మీ ఇంట్లో గాని, పక్క ఫ్లాటులో గాని గత ఏడాదిలో పిల్లికూన వాంతులు, విరేచనాలతో చనిపోయి ఉంటే ముందే చెప్పండి. కూనలను అలా చంపే పాన్‌ల్యుకోపీనియా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. టీకాలు పూర్తయిన పెద్ద పిల్లికి పెద్ద ప్రమాదం లేదు, కూన అయితే ప్రాణాంతకం.

దట్టమైన బొచ్చు పిల్లుల విషయంలో మన సముద్రపు తేమ వల్ల వచ్చే తలనొప్పి ఏమిటంటే తామర. బొచ్చు కింద దాక్కుని ఉంటుంది, పైకి కనపడదు. చెవుల అంచులు, ముక్కు చుట్టూ, ముంజేతులు వేళ్ళతో పాయ తీసి చూడండి. గుండ్రంగా బొచ్చు ఊడి, పొలుసులు రాలుతుంటే అదే. మనుషులకూ అంటుకుంటుంది, పిల్లలకు ఇంకా తొందరగా. డాక్టరు వెలిగించే నీలిరంగు దీపం కింద మెరవలేదంటే లేదని కాదు, కొన్ని మెరవవు. అనుమానం ఉంటే బొచ్చును ల్యాబ్‌కు పంపి కల్చర్ పరీక్ష చేయించాలి. వైద్యం ఉంది, కానీ వారాల తరబడి నడుస్తుంది. అది తగ్గేదాకా రెస్క్యూ వాళ్ళ దగ్గరే ఉంచమని అడగడంలో తప్పు లేదు.

నిజంగానే బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అని, లేదా దాని సంకరమని తేలితే మూడు ప్రత్యేకమైన విషయాలు. ఒకటి గుండె. ఈ జాతిలో గుండె కండరం మందమయ్యే జబ్బు వస్తుంది, ముఖ్యంగా మగవాటిలో. స్టెతస్కోపుకు ఏమీ వినిపించకపోయినా ఉండవచ్చు, ఎకో (గుండె స్కానింగు) తీస్తేనే తెలుస్తుంది. మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా ముందు డాక్టరుతో ఈ మాట ఎత్తండి. రెండోది మూత్రపిండాల్లో నీటి తిత్తులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ జాతి సన్నగిల్లిపోతే పర్షియన్లతో కలిపి నిలబెట్టారు, ఆ జబ్బు అటునుంచి వచ్చింది. పొట్ట స్కానింగులో కనిపిస్తుంది, డీఎన్ఏ పరీక్షతోనూ తేలుతుంది. పర్షియన్ సంకరాలకూ ఇది తప్పకుండా చూడాలి. మూడోది చాలామందికి తెలియదు: రక్తం గ్రూపు. పిల్లుల్లో అత్యధికం ‘ఎ’ గ్రూపు. బ్రిటిష్ షార్ట్‌హెయిర్లలో ‘బి’ గ్రూపువి మామూలు పిల్లుల్లో కంటే బాగా ఎక్కువ. ‘బి’ పిల్లికి ‘ఎ’ రక్తం ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. గ్రూపు చూడకుండా ఎక్కించనివ్వకండి.

మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గాని, తుమ్ముల బాధ గాని ఉంటే, పొట్టి బొచ్చు పిల్లి అయితే పడుతుందనే మాట నమ్మకండి. అలర్జీ తెప్పించే ప్రోటీను పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉంటుంది. చూడటానికి వెళ్ళిన రోజు గంటసేపు అక్కడే కూర్చుంటే మీకే తెలిసిపోతుంది.

ఎండ, ఉక్కపోత గురించి. ఇది చలిదేశపు బొచ్చు. మన మే నెలలో ఎండకంటే గాలిలోని తేమ ఎక్కువ బాధపెడుతుంది. పిల్లికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ గాలి దానికి పెద్దగా పనికిరాదు. పగలు ఏసీ గది తలుపు ఓరగా తీసి ఉంచండి, లేదా తూర్పు వైపు గదిలో చల్లటి నేల, రెండు మూడు చోట్ల నీళ్ళు ఉండాలి. కరెంటు పోతే తడిగుడ్డతో పాదాలు, చెవులు తుడవండి. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. కుక్క రొప్పడం వేరు, పిల్లి రొప్పడం వేరు. వేసవి వచ్చిందని గొరిగించకండి. ఉండలు కట్టకుండా వారానికి రెండుసార్లు లోపలి బొచ్చు దాకా దువ్వితే చాలు, బొచ్చు రాలే కాలంలో రోజూ.

తిండి దగ్గర మన ఇళ్ళలో గొడవ వస్తుంది. మీ అత్తగారు శాకాహారమని రాశారు. పిల్లికి పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ బతుకు నడవదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి ఒళ్ళు తగినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె పాడవుతుంది. వంటింట్లో మాంసం వద్దనుకుంటే ప్యాకెట్ తిండి, డబ్బా తిండి ఉన్నాయి. గిన్నెలు వేరుగా బాల్కనీ వైపు పెట్టుకోండి. పాలు అరగవు, పోయకండి. ఇక ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు కదా అని రోజూ నెత్తళ్ళు, కవళ్ళు పెట్టేవాళ్ళు ఉన్నారు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, చేప ఒక్కటే తిండి అయితే ఇ విటమిన్ కొరత కూడా వస్తుంది. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, వారానికి ఒకటి రెండుసార్లు ముచ్చటకు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర రవ్వంత కూడా వద్దు.

ఈ రకం పిల్లులు కూర్చుని తిని లావెక్కుతాయి. అందులో ఒక ప్రమాదం ఉంది, దత్తత తీసుకునేవాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. లావైన పిల్లి కొత్త ఇంటి బెంగతో రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంటి కొవ్వంతా కాలేయానికి చేరి కాలేయం దెబ్బతింటుంది. “ఆకలేస్తే అదే తింటుందిలే” అనే మాట ఇక్కడ పనికిరాదు. పాత ఇంట్లో తిన్న తిండే తెచ్చి అదే పెట్టండి, మార్చాలనుకుంటే తర్వాత వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. ఇరవై నాలుగు గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోను చేయండి, నలభై ఎనిమిది దాటనివ్వకండి.

మొదటి రోజుల్లో ఇల్లంతా చూపించకండి. ఒక్క గది, అందులో దాక్కోవడానికి అట్టపెట్టె, ఒక మూల తిండి, ఎదురు మూల లిట్టర్. బీచ్ ఇసుక తెచ్చి పోయకండి, ఉప్పూ చెత్తా అంతా అందులో ఉంటుంది. అదే బయటకు వచ్చేదాకా బలవంతపెట్టకండి. కొన్ని రెండు రోజుల్లో వస్తాయి, కొన్ని నెల తీసుకుంటాయి.

పిల్లి ఇంటికి రాకముందే బాల్కనీకి, కిటికీలకు వల బిగించాలి. ఐదో అంతస్తు నుంచి పడి బతికే పిల్లులు ఉన్నాయి, కానీ దవడలు, కాళ్ళు విరిగి బతుకుతాయి. పావురాలకు కట్టే నైలాన్ వలను పిల్లి కొరికి తెంపగలదు. సన్నటి ఉక్కు జాలీ వేయించండి, సముద్రపు గాలికి తుప్పు పట్టని రకం అడగండి.

నేల తుడిచే నల్ల ఫినాయిల్ మానేయండి. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచి హానిలేకుండా చేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, ఒంట్లోకి వెళ్తుంది. బట్టల్లో పెట్టే నాఫ్తలీన్ ఉండలు, నీలగిరి తైలం కూడా అందకుండా పెట్టాలి. పారాసిటమాల్ ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు, జ్వరంగా ఉందని ఇంటి మందు వేయకండి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి మీద చుక్క కూడా పడకూడదు.

అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం చెబుతుందేమోనన్నారు. పెంపుడు జంతువులను సంఘాలు నిషేధించకూడదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి. గడప దాటని పిల్లితో ఎవరికీ ఇబ్బంది ఉండదు కాబట్టి మాట అంతదాకా రాదు.

మీ అత్తగారికి పిల్లి ఎదురొస్తే పట్టింపు ఉందని ఒక ముక్క రాసి వదిలేశారు. దాన్ని అలా వదిలేయకండి. ఇంట్లో పిల్లి ఉంటే రోజుకు ఇరవైసార్లు ఎదురొస్తుంది. పగలంతా దానితో ఉండేది, తిండి పెట్టేది, తలుపు తీసినప్పుడు కాలు అడ్డం పెట్టి ఆపేది ఆవిడే. కాబట్టి పిల్లిని చూడటానికి వెళ్ళేటప్పుడు మీతోపాటు ఆవిడనూ తీసుకువెళ్ళండి, ఆవిడ సరేనన్న పిల్లినే తెచ్చుకోండి. ఆవిడ వద్దంటే ఇప్పటికి ఆగండి. పెద్దవాళ్ళు వద్దన్నా పట్టుదల మీద తెచ్చిన పిల్లులు మూడు నెలల్లో మళ్ళీ నా దగ్గరకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఒకటా రెండా అన్నదానికి: పగలు ఇంట్లో మనిషి ఉంటారు కాబట్టి పెద్ద పిల్లి ఒక్కటే చాలు. కూనను తెచ్చుకుంటే మాత్రం రెండు కావాలి, లేకపోతే అది ఆడుకునేది మీ అత్తగారి పాదాలతో. ఒకే ఇంట్లో కలిసి పెరిగి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పడుకునే పెద్ద పిల్లుల జంట కనిపిస్తే విడదీయకండి. అప్పుడు లిట్టర్ పెట్టెలు మూడు పెట్టాలి, డాక్టరు ఖర్చు రెట్టింపు. అది భరించగలమనుకుంటేనే జంటకు సరేననండి.